ఎందుకని అడగని ప్రశ్నపత్రం

హైస్కూలు జీవశాస్త్ర పరీక్షలలో ఏటేటా కనిపించే ప్రశ్న ఒకటి ఉంది. “కిరణజన్య సంయోగక్రియ అనగానేమి?” తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలలో చాలామంది దీనికి తడుముకోకుండా జవాబు రాస్తారు. ఆకుపచ్చని మొక్కలు సూర్యకాంతి సహాయంతో కార్బన్ డై ఆక్సైడ్, నీరు కలిపి పిండిపదార్థాన్ని తయారు చేసుకుంటాయనీ, ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయనీ రాసి, కింద సమీకరణం కూడా వేస్తారు. మార్కులు పూర్తిగా వస్తాయి.

అదే విద్యార్థికి బడి ఆవరణలోని వేపచెట్టును చూపించి, “ఈ చెట్టు ఒకప్పుడు చిన్న గింజ. ఇప్పుడు నలుగురు మనుషులు ఎత్తలేనంత మాను. ఇంత బరువు దీనికి ఎక్కడినుండి వచ్చింది?” అని అడిగి చూడండి. “నేలలోనుండి” అనే జవాబు ఎక్కువగా వస్తుంది. కొందరు “నీళ్లనుండి” అంటారు. “గాలినుండి” అనేవారు అరుదు. ఆ మాట మనం చెబితే, “గాలికి బరువెక్కడిది?” అని ఎదురు ప్రశ్న వేసేవారూ ఉంటారు. సమీకరణంలో కార్బన్ డై ఆక్సైడ్ అని రాసిన చెయ్యీ, నేలలోనుండి అని చెప్పిన నోరూ ఒకరివే. పరీక్షకు ఒక జవాబు, మనసులో మరొక జవాబు. రెండూ ఒకదానినొకటి పలకరించుకోకుండా ఒకే తలలో కాపురముంటాయి.

ఇది మన పిల్లలకే ఉన్న లోపమని చిన్నబుచ్చుకోనక్కరలేదు. 1997లో అమెరికాలో తయారైన ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ అనే డాక్యుమెంటరీ చిత్రంలో ఇదే ప్రశ్న వేశారు. అడిగింది చిన్న పిల్లలను కాదు. ప్రపంచ ప్రసిద్ధమైన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోనూ, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోనూ పట్టాలు పుచ్చుకొన్న యువతీయువకులను. ఒక విత్తనాన్నీ, ఒక కొయ్య దుంగనూ చూపించి, ఈ బరువు ఎక్కడిదని అడిగితే, నీరనీ, నేలలోని లవణాలనీ జవాబులు వచ్చాయి. కార్బన్ డై ఆక్సైడ్ అని చెప్పినప్పుడు నమ్మలేనట్లు చూసినవారు ఉన్నారు.

ఈ జవాబుకు పెద్ద వంశచరిత్రే ఉంది. ఇప్పటి బెల్జియం ప్రాంతంలో 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రజ్ఞుడుండేవాడు. ఆయన 200 పౌన్ల ఎండు మట్టిని ఒక తొట్టిలో పోసి, అందులో 5 పౌన్ల విల్లో మొక్కను నాటాడు. అయిదేళ్లపాటు నీళ్లు తప్ప మరేమీ వేయలేదు. అయిదేళ్ల తరువాత తూచితే చెట్టు 169 పౌన్ల పైచిలుకు తూగింది. మట్టిని తిరిగి ఎండబెట్టి తూచితే తగ్గినది సుమారు 2 ఔన్సులు మాత్రమే. చెట్టు మట్టిని తిని పెరగలేదని రుజువైంది. అంతవరకు బాగానే ఉంది. కాని, అయితే ఆ బరువంతా నీటినుండే వచ్చిందని ఆయన తీర్మానించాడు. ఈ ప్రయోగ వివరం ఆయన మరణానంతరం 1648లో అచ్చయిన గ్రంథంలో ఉంది. ఇందులో ఒక వింత ఉంది. ‘గ్యాస్’ అనే మాటను పుట్టించినవాడు ఈయనే. బొగ్గు కాల్చినప్పుడు వెలువడే వాయువును గుర్తించినవాడూ ఈయనే. అది మనం నేడు కార్బన్ డై ఆక్సైడ్ అంటున్న వాయువే. ఆ వాయువే తన తొట్టిలోని చెట్టుకు బరువునిచ్చిందని మాత్రం ఆయనకు తోచలేదు. మొక్క పచ్చని భాగాలు వెలుతురులోనే ఈ పని చేస్తాయని 1779లో ఇంగెన్‌హౌజ్ చూపించాడు. కార్బన్ డై ఆక్సైడ్‌తోబాటు నీరు కూడా మొక్క బరువులో కలుస్తుందని 1804లో సొస్యూర్ కొలతలతో నిరూపించాడు. ఎండిన కొయ్య బరువులో దాదాపు సగం కార్బనే. గాలిలో ఈ వాయువు సుమారు 0.04 శాతం మాత్రమే ఉంటుంది. అంత పలుచని దానినుండి ఇంత మాను ఎలా తయారవుతుందని విద్యార్థి సందేహిస్తే, ఆ సందేహం తెలివైనదేనని ఒప్పుకోవాలి.

ఇక్కడ నేను చెప్పదలచిన మాట ఇది. తెలియకపోవడం వేరు, అపోహ వేరు. తెలియని పిల్లవాడు “నాకు తెలియదండీ” అంటాడు. అతనికి చెబితే సరిపోతుంది. అపోహ ఉన్నవాడికి జవాబు తెలుసు. అది తప్పని మాత్రం తెలియదు. పైగా ఆ జవాబుకు అతని దగ్గర కారణాలున్నాయి. నాన్న చేనికి ఎరువు వేస్తాడు, పైరు ఏపుగా పెరుగుతుంది. వేయకపోతే గిడసబారుతుంది. ‘నేలలో బలం లేదు’ అని తాతయ్య అంటాడు. ఎరువును పైరుకు ఆహారమని పొగిడే ప్రకటనలూ ఉన్నాయి. ఇన్ని సాక్ష్యాలు ఉండగా, ఒక పాఠంలోని ఒక సమీకరణం చూసి ఆ నమ్మకాన్ని ఎవరు వదులుకుంటారు? ఎరువులోని నత్రజని, భాస్వరం వంటి లవణాలు మొక్కకు తప్పనిసరే. కాని అవి కొద్ది కొద్దిగా చాలు, శరీరాన్ని నిర్మించే ముఖ్య పదార్థం వేరు అనే తేడాను ఎవరో కూర్చోబెట్టి విడమరచి చెప్పాలి. చెప్పాలంటే, పిల్లవాడు ఏమనుకొంటున్నాడో ముందుగా తెలియాలి. కొత్తది నేర్పే ముందు విద్యార్థికి ఇదివరకే ఏమి తెలుసో కనుక్కోవడమే అన్నిటికన్న ముఖ్యమని అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ ఆసుబెల్ 1968లోనే చెప్పాడు.

వైద్యుడు నాడి చూడనిదే మందు ఇవ్వడు. బడిలో మాత్రం అందరికీ ఒకే మందు, అది కూడా రోగమేమిటో అడగకుండా.

కనుక్కోవడమెలా? 1987లో పశ్చిమ ఆస్ట్రేలియాలో హాస్లమ్, ట్రీగస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రశ్నపత్రాన్ని ప్రకటించారు. మొక్కలలో జరిగే కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియలపై 13 ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ రెండు అంతస్తులుంటాయి. మొదటి అంతస్తులో జవాబును గుర్తించాలి. రెండవ అంతస్తులో ఆ జవాబు ఎందుకు ఎంచుకొన్నారో కారణాన్ని గుర్తించాలి. అందులోని తప్పు కారణాలు పరిశోధకులు ఊహించి రాసినవి కావు. విద్యార్థులతో మాట్లాడి, వారు రాసిన జవాబులు చదివి, వాటిలోనుండి ఏరి తీసినవి.

ఆ పద్ధతిలో మనమొక ప్రశ్న తయారు చేద్దాం. “ఆకుపచ్చని మొక్కలలో శ్వాసక్రియ ఎప్పుడు జరుగుతుంది?” పగలు మాత్రమే, రాత్రి మాత్రమే, ఎల్లవేళలా అనే మూడు జవాబులిద్దాం. ఆ కింద కారణాలు: ఒకటి, పగలు మొక్క కిరణజన్య సంయోగక్రియలో ఉంటుంది గనుక శ్వాసించదు. రెండు, పత్రరంధ్రాలు తెరిచి ఉన్నప్పుడే శ్వాసక్రియకు వీలుంటుంది. మూడు, జీవకణాలన్నిటికీ ఎప్పుడూ శక్తి కావాలి. ఒక అమ్మాయి ‘ఎల్లవేళలా’ అని గుర్తించి, కారణంగా పత్రరంధ్రాలను ఎంచుకొన్నదనుకోండి. మామూలు పరీక్షలో ఆమెకు పూర్తి మార్కులు వచ్చి ఉండేవి. ఆమె దృష్టిలో శ్వాసక్రియ అంటే రంధ్రాలగుండా గాలి రాకపోకలు మాత్రమేనని ఎవరికీ తెలిసేది కాదు. వేరులోని కణం కూడా శ్వాసిస్తుందన్న సంగతి ఆమె ఊహకు అందలేదు.

ఆస్ట్రేలియా పరిశోధనలో తేలినదేమిటంటే, మొక్కల శ్వాసక్రియ స్వభావం హైస్కూలు విద్యార్థులలో పెద్ద భాగానికి అర్థం కాలేదు. పై తరగతులకు వెళ్లినా అవే అపోహలు కొనసాగుతున్నాయి. ఏడాది గడిస్తే అపోహ దానంతట అదే పోదన్నమాట.

పరభాషా రాష్ట్రాలలో తెలుగు చదువుకొనే మీకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. దానిని కొంచెం వివరంగా చెప్పాలి.

‘శ్వాసక్రియ’ అనే మాటను చూడండి. ఇంట్లో మనం ఊపిరి అంటాం. ఊపిరి పీల్చడం, వదలడం కంటికి కనిపించే పని. పుస్తకంలో దీనికి ఉచ్ఛ్వాస నిశ్వాసాలని పేరు. శ్వాసక్రియ అన్నప్పుడు శాస్త్రం ఉద్దేశించేది వేరు. కణం లోపల ఆహార పదార్థం ఆక్సీకరణం చెంది శక్తి వెలువడే రసాయనిక క్రియ అది. ఆ శక్తి ఏ.టి.పి. అనే పదార్థం రూపంలో కణానికి అందుతుంది. కండరంలో ఆ పదార్థాన్ని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఇంత జరుగుతున్న క్రియకు ఊపిరిని గుర్తుచేసే పేరు పెట్టడంతో పిల్లలకు ముక్కూ ఊపిరితిత్తులే కళ్ల ముందు మెదులుతాయి. మొక్కకు ముక్కు లేదు గనుక ఆకు మీది రంధ్రాన్ని ముక్కుగా ఊహించుకొంటారు. తప్పు పిల్లలలో కొంత ఉంటే, మాటలో కొంత ఉంది.

అలాగే ‘కిరణజన్య’ అంటే కిరణాలవలన పుట్టినది అని అర్థం. వెలుతురే ఆహారంగా మారిపోతుందని కొందరు పిల్లలు అనుకోవడానికి ఈ పేరు కూడా తోడ్పడుతుందేమోనని నా అనుమానం. వెలుతురు శక్తినిస్తుంది, పదార్థాన్నివ్వదు. ఇదే క్రియను తమిళంలో ఒళిచ్చేర్క్కై అంటారు. కన్నడంలో ద్యుతిసంశ్లేషణె, మరాఠీలో ప్రకాశసంశ్లేషణ, ఒడియాలో ఆలోక సంశ్లేషణ. ఈ పేర్లన్నిటిలో వెలుతురుతోపాటు ‘చేర్చడం, కలపడం’ అనే భావం ముందుకు వస్తుంది. హోసూరులోనో, కోలారులోనో, షోలాపూరులోనో, బరంపురంలోనో ఉన్న తెలుగు పిల్లలకు ఈ రెండో మాట ఊరికే, ఖర్చు లేకుండా, వీధిలోనే దొరుకుతుంది. రెండు పేర్లను పక్కపక్కన పెట్టి “ఏమిటి కలుస్తోంది? దేనితో కలుస్తోంది? వెలుతురు చేసే పని ఏమిటి?” అని అడిగితే, ఒక్క భాషలో చదివేవారికి దాగి ఉండే పొరపాటు బయటపడుతుంది. రెండు భాషల మధ్య పెరగడం చదువుకు అడ్డమని బాధపడే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

మరొక సంగతి. కారణం చెప్పమన్నప్పుడు పిల్లలు తమ ఇంటి తెలుగులో చెప్పడానికి వెనుకాడతారు. రాష్ట్ర భాష కలిసిన తెలుగు, యాస ఉన్న తెలుగు పుస్తకం తెలుగు కాదని వారికి సిగ్గు. ఆ సిగ్గువల్ల పుస్తకంలోని వాక్యాన్నే అప్పగిస్తారు. పుస్తకంలోని వాక్యం వెనుక ఏమున్నదో ఎంత గొప్ప ఉపాధ్యాయుడూ కనిపెట్టలేడు. “ఉసిరు అంటే ఊపిరే గదండీ, చెట్టు రాత్రయితే ఉసిరు విడుస్తుంది” అని కోలారు పిల్లవాడు అంటే, ఆ మాటలో కన్నడం ఉన్నదని దిద్దడం తరువాతి పని. ముందు ఆ మాటలోని ఆలోచనను పట్టుకోవాలి. ఇలాంటి చోట నవ్విన ఉపాధ్యాయుడికి ఆ ఏడాదిలో మళ్లీ ఎవరూ మనసులోని మాట చెప్పరు.

అపోహలన్నీ పిల్లలు సొంతంగా తయారు చేసుకొన్నవి కావు. పెద్దలు అందించినవీ ఉన్నాయి. రాత్రిపూట చింతచెట్టు కింద పడుకోకూడదని మన పల్లెల్లో అంటారు. పూర్వం దానికి దయ్యాలను కారణంగా చెప్పేవారు. చదువుకొన్నవాళ్లు దయ్యాలను తీసివేసి, అక్కడ కార్బన్ డై ఆక్సైడ్‌ను కూర్చోబెట్టారు. రాత్రి చెట్టు ఆ వాయువును వదిలే మాట నిజమే. అయితే ఆరుబయట గాలి కదులుతూనే ఉంటుంది. అది ప్రమాదకరమైనంతగా పోగుపడదు. పక్క మంచంలో పడుకొన్న మనిషి కూడా రాత్రంతా అదే వాయువును వదులుతున్నాడు. అతనికి దూరంగా జరగమని ఎవరూ చెప్పరు. రావిచెట్టు ఇరవై నాలుగు గంటలూ ఆక్సిజన్ ఇస్తుందనేది ఇలాంటిదే మరొకటి. వెలుతురు లేనిదే ఏ చెట్టూ ఆక్సిజన్ విడుదల చేయదు. మొక్కలకు ప్రాణముందని జగదీశ్ చంద్ర బోస్ కనిపెట్టారని ఇప్పటికీ అంటుంటారు. మొక్కలు ప్రాణులని ఆయనకు ఎన్నో శతాబ్దాల ముందే ప్రపంచానికి తెలుసు. ఉద్దీపనలకు మొక్కలు ఎలా స్పందిస్తాయో సున్నితమైన పరికరాలతో కొలిచి చూపడం ఆయన చేసిన గొప్ప పని. దానిని చెప్పకుండా, ఆయన చేయనిదానికి పొగడడం ఆయనకు గౌరవమా?

చెట్టు ఎప్పుడు శ్వాసిస్తుందో తెలియకపోతే కొంపలేమీ మునగవు గదా అని అడిగేవారుంటారు. మునిగే చోట్లు చూద్దాం.

పదో తరగతిలో లింగ నిర్ధారణ పాఠముంది. తల్లినుండి ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే వస్తుంది, తండ్రినుండి ఎక్స్ గాని, వై గాని వస్తుంది, వై వస్తే మగబిడ్డ. గళ్లు గీసి, బాణాలు వేసి పిల్లలు దీనిని చక్కగా రాస్తారు. అదే ఇంట్లో “వరసగా ఆడపిల్లల్నే కన్నది” అని ఎవరో కోడలిని దెప్పిపొడిస్తే, ఆ గళ్ల పటం ఎవరికి గుర్తుకొస్తుంది? ఒకవేళ గుర్తొచ్చినా, నింద తల్లి మీదినుండి తండ్రి మీదికి మార్చాలి కాబోలనుకొనేవారున్నారు. ఏ శుక్రకణం అండాన్ని చేరుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ముగ్గురు ఆడపిల్లల తరువాత నాలుగోసారి మగబిడ్డ పుట్టే అవకాశం అంతకు ముందున్నట్లే దాదాపు సగానికి సగం. ఈ చివరి మాటను ఎంతమంది నిజంగా నమ్ముతారో కారణం అడిగితేగాని తెలియదు.

మరొకటి మందుల సంగతి. “వాడి ఒంటికి ఆ మందు అలవాటుపడిపోయింది, ఇక పనిచేయదు” అంటారు. యాంటీబయాటిక్ మందుల విషయంలో మారేది మన ఒళ్లు కాదు, సూక్ష్మజీవులు. మందుకు చావనివి కొన్ని ముందే ఉంటాయి. మిగిలినవి చచ్చాక అవి పెరిగి, మరొకరికి కూడా సోకుతాయి. ఒంటికే అలవాటైందనుకొన్నవాడు అది తన సొంత గొడవ అనుకొంటాడు. వైద్యుణ్ణి అడగకుండా దుకాణంలో రెండు బిళ్లలు కొని మింగుతాడు. తగినంత మోతాదు వాడకపోతే సూక్ష్మజీవులు మందును తట్టుకోవడం నేర్చుకొంటాయని పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకొన్న సందర్భంలోనే హెచ్చరించాడు. ‘నేర్చుకోవడం’ అనే మాట కూడా జాగ్రత్తగా వాడవలసినదే. సూక్ష్మజీవి ఏదీ ప్రయత్నించి నేర్చుకోదు, తట్టుకొన్నది మిగులుతుంది. పరిణామ సిద్ధాంతం పాఠంలో జిరాఫీ మెడ గురించి పిల్లలు చేసే పొరపాటే ఇక్కడ మందుల సీసా దగ్గరికి వచ్చింది.

ఉపాధ్యాయుల వైపునుండి కూడా ఆలోచించాలి. తరగతిలో అరవైమంది పిల్లలు, ఏడాదిలో పూర్తి చేయవలసిన పాఠాలు, చివర ఫలితాల శాతం. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఎందుకని అడగడానికి తీరిక ఎక్కడిది? ఈ మాట న్యాయమైనదే. నేను కోరేది అంత పెద్ద పని కాదు. పాఠం మొదలుపెట్టే రోజున ఒకే ఒక ప్రశ్న. చిన్న కాగితం ముక్క మీద జవాబు, దాని కింద కారణం. పేరు రాయనక్కరలేదు, మార్కులు లేవు. అరవై కాగితాలు చదవడానికి అరగంట చాలు. పాఠంలో ఏ భాగాన్ని నిదానంగా చెప్పాలో, ఏది గబగబా దాటవచ్చో ఆ కాగితాలే చెబుతాయి. ఒక విధంగా అది సమయం మిగిల్చే పని.

పరీక్షలు మారనిదే బోధన మారదనే వాదనలో కూడా బలముంది. మధ్యప్రదేశ్‌లో 1972 నుండి 2002 వరకు సాగిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పిల్లలు పుస్తకాలు దగ్గర ఉంచుకొనే పరీక్ష రాసేవారు; ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. పుస్తకం ఎదురుగా ఉన్నప్పుడు నిర్వచనం అడిగి లాభం లేదు గనుక ప్రశ్నలు ఆలోచింపజేసేవిగానే ఉండాలి. అటువంటి ప్రశ్నలు ప్రతి పరీక్షలోనూ రెండో మూడో ఉండాలని నా అభిప్రాయం. అయితే ఒక భయం కూడా ఉంది. కారణానికి మార్కులు పెట్టగానే గైడుల్లో కారణాలు అచ్చవుతాయి, పిల్లలు వాటినీ బట్టీపడతారు. అందుకే మార్కులులేని ఆ కాగితం ముక్క మీదే నాకు ఎక్కువ నమ్మకం.

కాగితం చూసి అపోహను గుర్తించాక ఉపాధ్యాయుడు ఏమి చేయాలి? “అది తప్పు, ఇది రాసుకోండి” అంటే కథ మొదటికి వస్తుంది. చూపించగలిగినది చూపించాలి. మొక్కలు పగలు శ్వాసించవనుకొనే తరగతిలో చేయదగిన ప్రయోగం ఒకటి ఉంది. గుప్పెడు పెసలు నానబెట్టి మొలకెత్తనివ్వండి. వాటిని ఒక వెడల్పు మూతి సీసాలో వేసి, అందులోనే చిన్న గిన్నెతో సున్నపుతేట ఉంచి, మూత గట్టిగా బిగించండి. రెండవ సీసాలో అంతే పెసలను ఉడికించి, చల్లార్చి వేయండి. అందులోనూ సున్నపుతేట పెట్టండి. రెండు సీసాలనూ పట్టపగలు, కిటికీ దగ్గర, అందరికీ కనిపించేచోట ఉంచండి. ఏమి జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో పిల్లలందరూ ముందుగానే రాసి పెట్టుకోవాలి. ఈ మొలకలకు ఇంకా పచ్చని ఆకు లేదు, రాత్రీ కాలేదు. కొన్ని గంటలు గడిచాక మొలకలున్న సీసాలోని సున్నపుతేట మాత్రమే పాలలాగా తెల్లబడుతుంది. అప్పుడు ఎవరి కాగితం వారికి తిరిగి ఇచ్చి, తాము రాసిన కారణాన్ని చదువుకోమనాలి.